జాబితాలో మొదటి పేరు

కొడుకు వచ్చి బల్ల దగ్గర కుర్చీ లాక్కోగానే తుకారాం కంచం చేతిలోకి తీసుకుని లేచాడు. రెండు ముద్దలు కూడా తినలేదు. అన్నంలో కలిపిన పప్పు కలిపినట్టే ఉంది. అలాగే నెమ్మదిగా నడుచుకుంటూ వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు వంచితే మూలిగే మనిషి, కంచం ఒళ్లో పెట్టుకుని సిమెంటు మెట్టు మీద! కోడలు నవత చూడలేక తల తిప్పుకుంది.

"నాయినా, రోజూ గిట్ల ఏందీ? లోపటికి రా," అన్నాడు భానుప్రకాశ్.

"అందరితోటి ఒట్టు పెట్టిచ్చి, అందరికంటె ముందుగాల నువ్వే పోయి దస్కత్ పెట్టినవ్. నీ పక్కన కూసుంటే నాకు బువ్వ దిగదు బిడ్డా."

గొంతు పెంచకుండానే అన్నాడు ముసలాయన. తిట్టినా బాగుండేది, కంచం విసిరికొట్టినా బాగుండేది! భానుప్రకాశ్ తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. "నేను పెట్టలేదు నాయినా" అని ఒక్క మాట అనలేదు. పన్నెండు రోజులుగా అనడం లేదు. తోటి పైలట్లు ఫోన్లు చేసి నానా మాటలూ అన్నప్పుడూ అనలేదు, కన్నతండ్రి ఎంగిలి కంచంతో లేచిపోతున్నా అనడం లేదు. ఆ సంతకం పెట్టిన చెయ్యి మాత్రం నెయ్యి గిన్నె పట్టుకుని వాళ్లిద్దరి మధ్యా నిలబడి ఉంది. నవత చెయ్యి!

ఈ ఇంట్లో ఇలాంటి రోజు వస్తుందని రెండు వారాల కింద ఎవరైనా చెబితే నవత నవ్వి ఊరుకునేది. భానుప్రకాశ్ పనిచేసేది రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానాల కంపెనీలో. హైదరాబాదు నుంచి రాజమండ్రికీ, తిరుపతికీ, నాందేడుకీ పదకొండేళ్లుగా తిరుగుతున్నాడు, అందులో ఆరేళ్లు కెప్టెన్‌గా. విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు అతని కింద పనిచేసే కో-పైలట్‌ది. ఆ కుడి నుంచి ఈ ఎడమకు జరగడానికి ఎన్నేళ్లు పడుతుందో, ఎన్ని పరీక్షలు, ఎన్ని నిద్రలేని తెల్లవారుజాములు కావాలో పైలట్ భార్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ వేసవిలో పెద్ద జెట్ విమానాలున్న ఇంకో కంపెనీ వీళ్ల కంపెనీని కొనేసింది. విమానాలన్నీ ఒకటే, పైలట్లందరూ ఒకే జాబితా అన్నారు. కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. జీతం కాస్త పెంచారు గాని, చిన్న విమానాల కెప్టెన్లు పెద్ద విమానాల్లో మళ్లీ కుడి సీట్లోనే కూర్చోవాలట! ఎడమ సీటుకు శిక్షణ కొద్దిమందికేనట, అదీ ముందు ఒప్పుకున్నవాళ్లకు ముందట. ఎన్నేళ్ల సర్వీసో, ఎన్ని వేల గంటలు ఎగిరారో ఎవరికీ పట్టలేదు.

కాంట్రాక్టు చేతికొచ్చాక వచ్చిన ఆదివారం పద్దెనిమిది మంది కెప్టెన్లు యాప్రాల్‌లో నవత ఇంటి హాల్లో కూర్చున్నారు. యూనియన్ కార్యదర్శి భానుప్రకాశే. అందరిలోకీ పెద్దవాడు డేవిడ్ రాజు, యాభై ఎనిమిదేళ్లు. భానుప్రకాశ్ కుర్రవాడుగా వచ్చినప్పుడు పక్కన కూర్చుని విమానం నేలకు దించడం నేర్పినవాడు ఆయనే. ఆయన భార్య హదస్సా వంటింట్లో నవతతో పాటు మిరపకాయ బజ్జీలు వేస్తూ, హాల్లో మాటలు వింటూ, మధ్యమధ్యలో "మన మొగోళ్లు విమానం కంటె మీటింగులే మంచిగ నడుపుతరు" అని నవ్విస్తూ ఉంది. సర్వీసును బట్టే శిక్షణ ఇవ్వాలి, అంతవరకూ ఎవరూ కాంట్రాక్టు ఒప్పుకోవద్దు, ఇదీ వాళ్ల మాట. కాని ఒకరిద్దరు జంకారు. రేపు కంపెనీకి రాసే ఉత్తరం మీద మొదట ఎవరి పేరుందో చూసి వాళ్లనే కంపెనీ పట్టుకుంటే ఎలా అన్నారు.

అప్పుడు మూలన కూర్చున్న తుకారాం తెల్లకాగితం తెమ్మన్నాడు. రైల్వేలో ఇంజను నడిపి రిటైరైన మనిషి. బోయిగూడలో ఒక్క గది ఇంట్లో ఉండి కొడుకును పైలట్ చేసిన మనిషి. స్టీలు కంచం ఒకటి కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఈ గీత చుట్టూ దస్కత్‌లు పెట్టండి, మొదలెవరో చివరెవరో దొరలకు దొరకొద్దు, మా షెడ్డుల గిట్లనే పెట్టేటోళ్లం అన్నాడు. కెప్టెన్లందరూ చిన్నపిల్లల్లా సంబరపడి కాగితం తిప్పుతూ తిప్పుతూ సంతకాలు చేశారు. ఒప్పుకుంటే అందరం కలిసి, లేకపోతే ఎవ్వరం కాదు అని భానుప్రకాశ్ పైకి చదివాడు. ఆ రోజు మామగారి ముఖంలో వెలుగు నవత ఎన్నేళ్లుగానో చూడలేదు.

నాలుగు రోజులు తిరగలేదు! గురువారం మధ్యాహ్నం రెండింటికి కంపెనీ నుంచి మెయిలొచ్చింది. భానుప్రకాశ్ డ్యూటీలో ఉన్నాడు, రాత్రి రాజమండ్రిలోనే బస. అతని సెలవులూ, డ్యూటీ పట్టికలూ, మెడికల్ తేదీలూ, లైసెన్సు కాగితాలూ అన్నీ పెళ్లయినప్పటి నుంచీ చూసేది నవతే. కంపెనీ మెయిళ్లు ఇద్దరి ఫోన్లకూ వచ్చినా, సైటు పాస్‌వర్డు ఆమెకే తెలుసు, అతనికి గుర్తు కూడా ఉండదు. సాయంత్రం ఐదు గంటల్లోపు ఒప్పుకోనివాళ్లను అవసరానికి మించిన సిబ్బందిగా చూడవలసి వస్తుందని రాశారు.

అవసరానికి మించిన సిబ్బంది... ఆ మాట నవత ఇదివరకు ఒకసారి చదివింది. కరోనా వచ్చిన ఏడు ఇదే మాట రాసి భానుప్రకాశ్‌ను పదకొండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ పదకొండు నెలలూ సోమవారం సోమవారం యూనిఫాం ఇస్త్రీ చేసుకుని బీరువాలో తగిలించుకునేవాడు. బైకు మీద ఇంటింటికీ మందుల పార్సిళ్లు ఇచ్చి వచ్చేవాడు. ఎవరైనా గుర్తుపడతారని హెల్మెట్ తీయకుండానే అందించేవాడు. ఒకరోజు సందు మలుపులో ఆ హెల్మెట్‌ను దూరం నుంచి చూసి, తాను చూసినట్టు తెలియకూడదని నవత గోడ చాటుకు తప్పుకుంది. ఇంకోసారి ఆ మనిషిని అలా చూడటం తన వల్ల కాదు అనుకుంది! భర్తకు మూడుసార్లు ఫోన్ చేసింది, స్విచ్చాఫ్. నాలుగు నలభైకి... "నేను స్వయంగా చదివి ఒప్పుకుంటున్నాను" అన్న చోట నొక్కింది. తెర మీద పచ్చటి గుర్తు వచ్చింది.

మర్నాడు ఉదయం కంపెనీ గడువు ఇంకో రెండు రోజులు పెంచి జాబితా పెట్టింది, ఒప్పుకున్నవాళ్ల పేర్లు ఒప్పుకున్న వరసలో. మొదటి పేరు భానుప్రకాశ్! కంచం చుట్టూ గీసిన గీతలో దాక్కున్న మొదలును కంపెనీ కంప్యూటరు నిమిషాలతో సహా పట్టి చూపించింది. కార్యదర్శే సంతకం పెట్టాక మనకేమిటి అని, కంచం కాగితం మీద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిపి రెండు రోజుల్లో అరవై మంది అయ్యారు. చిట్టచివరిదాకా పెట్టకుండా నిలబడినవాడు డేవిడ్ రాజు. అరవై ఒకటో పేరు ఆయనది. ఆ వరస వచ్చేసరికి ఆయన రిటైరైపోతాడు. ఇక మిగిలిన రెండేళ్లూ తాను పని నేర్పిన కుర్రవాళ్ల పక్కన, కుడి సీట్లో!

భానుప్రకాశ్ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బ్యాగు కింద పెట్టి నవత ముఖం చూశాడు. నవత తలెత్తలేకపోయింది. అతనేమీ అడగలేదు. ఫోను మోగింది, డేవిడ్ రాజు. "అవునన్నా, నేనే," అన్నాడు, అంతే! నవత అతని బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పాస్‌వర్డు ఇంకొకరికి ఇస్తే ఉద్యోగం పోతుంది, కాని అది మాత్రమేనా? కట్టుకున్నదాని మీద మాట రాకూడదని ఇంత నింద నెత్తిన వేసుకున్నాడే, ఈ మనిషికి నేనెట్లా రుణం తీర్చుకోను అని లోలోపలే అతని కాళ్ల మీద పడి ఏడ్చింది. ఏడ్చింది గాని నోరు మాత్రం తెరవలేదు. రోజుకో సాకు చెప్పుకుంటూ పన్నెండు రోజులు గడిపింది.

నిన్న ఏ.ఎస్. రావు నగర్‌లో కూరగాయల దగ్గర హదస్సా ఎదురైంది. అక్కా అని పిలవబోయింది నవత. హదస్సా ఒక్కసారి చూసింది. చేతిలో ఉన్న చిక్కుళ్లు బుట్టలో తిరిగి పోసి, ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది. కూరగాయలమ్మే కాంతమణి "ఏమైందమ్మా, అక్కాచెల్లెండ్ల లెక్క ఉండేటోళ్లు గద" అని అడిగితే నవత గిరుక్కున వెనుదిరిగింది. సిగ్గుతో ఖాళీ సంచీ పట్టుకుని ఇల్లు చేరింది.

ఇప్పుడు భానుప్రకాశ్ చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లాక, నవత నెయ్యి గిన్నె బల్ల మీద పెట్టి వెనక తలుపు తీసింది. మామగారి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎప్పుడూ ఆయన ముందు అలా కూర్చోలేదు.

"మామా, దస్కత్ పెట్టింది ఆయన కాదు. నేను."

తుకారాం చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నవత అంతా చెప్పింది, మెయిలూ, హెల్మెట్టూ, నాలుగు నలభై, అన్నీ. చెబుతుంటే కళ్లు ధారలు కట్టాయి గాని ఆపలేదు. చివరన, ఇది బయటపడితే ఆయన ఉద్యోగానికే ముప్పు మామా, అందుకే నన్ను కాపాడుకుంట అన్నీ పడుతుండు అంది.

ముసలాయన ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. స్ట్రైకు చేసినందుకు ఏడు నెలలు ఆయన ఉద్యోగం పోయిందట. భార్య కమలాబాయి, ఇప్పుడు లేదు పాపం, ఇల్లిల్లూ తిరిగి అప్పడాలు అమ్మిందట. ఉద్యోగం మళ్లీ వచ్చిందట.

"నౌకరి పోతే మళ్లొస్తది బిడ్డా. నాకు చెప్పినవ్, మంచిగయింది. గని నాకు చెప్తే సరిపోదు. ఎవలకు నష్టమైందో ఆళ్లకు చెప్పాలె."

ఆ వారం చివర, ఆదివారంనాడు, ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో యూనియన్ సభ. భానుప్రకాశ్ చేత రాజీనామా తీసుకోవడానికే పెట్టారు. భార్యలు కూడా వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. భానుప్రకాశ్ ముందు వరసలో ఒక్కడే ఉన్నాడు, అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. మామగారి వెంట నవత లోపలికి వస్తుంటే తలలన్నీ తిరిగాయి. అతను ఆమెను చూసి సగం లేచాడు, వద్దన్నట్టు తల ఊపాడు. నవత ఆగలేదు. మైకు దగ్గరకు వెళ్లింది.

ఆ రోజు ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకే సరిగ్గా గుర్తులేదు. మెయిలు చూసి భయపడింది తానేనని, నొక్కింది తానేనని, ఆయన అప్పుడు ఆకాశంలో ఉన్నాడని చెప్పింది. మీలో ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కొక్కరినీ క్షమాపణ అడగాలి, కాని డేవిడ్ రాజు అన్న పేరు చెప్పడానికే నాకు ముఖం లేదు అంది. చివరి మాట మాత్రం గుర్తుంది.

"ఆయన తప్పు ఏం లేదు. నా పేరు బయటికి రావొద్దని అన్ని మాటలు ఆయనే పడ్డడు. అనేది ఉంటే నన్ను అనుండ్రి."

హాల్లో ఎక్కడో చప్పట్లు మొదలయ్యాయి. డేవిడ్ రాజు కుర్చీలోంచి లేచి, కళ్లు తుడుచుకుంటూ, ముందు వరసకు వచ్చి భానుప్రకాశ్ భుజాలు పట్టుకున్నాడు. ఇన్ని దినాలు మా అందరితోటి ఎందుకురా తిట్టిచ్చుకున్నవ్ అని అడిగాడు. నవత కళ్లు మూసుకుంది. అమ్మయ్య, నా మొగుడి తల మళ్లీ లేచింది, ఇక నాకేమైనా ఫరవాలేదు అనుకుంది.

"ఆగన్నా," అన్నాడు భానుప్రకాశ్.

అతను డేవిడ్ రాజు చేతులు నెమ్మదిగా తీసేశాడు. మైకు దగ్గరకు రాలేదు. నిలబడ్డ చోటు నుంచే, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"ఆ మెయిల్ల కింద ఒక లైను ఉండె. ఒప్పుకున్నోళ్లు మూడు దినాలల్ల వాపస్ తీసుకోవచ్చని. నవత సూడలే. నేను సూసిన. రాజమండ్రిల హోటల్ రూముల కూసోని నాలుగుసార్లు సదివిన. ఒక్క మెసేజ్ పెడితే అయిపోతుండె. పెట్టలే."

ఎందుకు పెట్టలేదని డేవిడ్ రాజు అడిగాడు. అడిగిన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"నవతే ఒత్తిందని తెలిసినప్పుడు నాకు కోపం రాలే అన్నా. పానం నిమ్మలమైంది. నా చెయ్యి పెట్టకుంట నా పని అయిపోయిందనుకున్న. ఆమెను కాపాడనీకి నేనే అని చెప్పలే. అది నిజం గనుక చెప్పిన."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. నవత మైకు కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. ఎవరి కోసం ఇన్ని రోజులు దిండు తడిపింది? ఎవరి మంచితనాన్ని తలుచుకుని తనను తాను ఛీ కొట్టుకుంది? ఆ మనిషి, తన పక్కనే పడుకుని, తాను కుమిలిపోతుంటే వింటూ, పోనీలే అని ఊరుకున్నాడా! నలుగురిలో నిలబడి తన తప్పు చెప్పుకున్నప్పుడు కూడా ఇంత సిగ్గు కలగలేదు. ఇప్పుడు కలిగింది, తన కోసం, అతని కోసం, వాళ్లిద్దరూ కలిసి నమ్ముకున్న ఆ ఇంటి కోసం.

భానుప్రకాశ్ అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఒప్పుకున్నది తాను కాదని, పాస్‌వర్డు భార్యకు ఇచ్చిన తప్పు తనదని, తన వరస వదులుకుంటున్నానని, ఏ శిక్ష వేసినా పడతానని. తర్వాత నెలలో కంపెనీ మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది, పేరు జాబితా అడుగుకు పోయింది. ఆ రోజు అతన్ని చూసి ఇంకో తొమ్మిది మంది, గడువు దాటిపోయినా, వాపసు ఉత్తరాలు రాశారు. మిగిలినవాళ్లు గడియారాలు చూసుకుని వెళ్లిపోయారు. తుకారాం వెనక నుంచి కర్ర ఊతంగా వచ్చి కొడుకు పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. కాగితం ఎగరకుండా ఒక మూల వేలితో అదిమిపట్టుకున్నాడు.

నవత బయట వరండాలోకి వచ్చింది. కాసేపటికి భానుప్రకాశ్ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు.

"ఇన్ని దినాలు మిమ్మల్ని దేవుడనుకున్న," అంది నవత.

"ఎరికే. అందుకే నీ మొకం సూడలేకపోయిన."

అతను ఇంకేదో అనబోయాడు. ఇప్పుడు వద్దు, ఇంటికి పోయినంక కూడా వద్దు, నేను అడిగినప్పుడు చెప్పుండ్రి అంది. అతను తల ఊపి, తండ్రి కోసం లోపలికి వెళ్లిపోయాడు. క్షమించిందో లేదో నవతకే తెలియదు. అబద్ధంలేని ముఖం మాత్రం ఇవాళే చూసినట్టుంది. ఆ ముఖంతోనే ఇక కాపురం చెయ్యాలి!

హదస్సా రెండు కాగితం కప్పుల్లో చాయ్ పట్టుకుని వచ్చింది. ఒకటి నవతకు ఇవ్వకుండా పిట్టగోడ మీద పెట్టింది. పక్కన కూర్చుంది. నువ్వు మైకుల చెప్పినంత మాత్రాన నా ఆయన సీటు వాపస్ రాదు, నా కోపం సుత పోలేదు అంది. నవత తల ఊపింది. ఇక దాచుకోవడానికి ఓపిక లేదు.

"అక్కా, ఒకటి సభల చెప్పలే. ఒత్తే ముంగట నీకు ఫోన్ కలిపిన. రింగు పోకముందే కట్ చేసిన. నువ్వు వద్దంటవని నాకు ఎరికే. వద్దని చెప్పిచ్చుకోవద్దనే కట్ చేసిన."

చెప్పేసి చెంపదెబ్బ కోసం కాచుకున్నట్టు కళ్లు మూసుకుంది. హదస్సా చాలాసేపు రోడ్డు మీద పోయే బస్సులకేసి చూస్తూ ఉండిపోయింది.

"వద్దనే అందును," అంది చివరికి. "మా ఆయన మెయిల్లు సుత నేనే సూస్త గద. నీకు వద్దని చెప్పి, ఫోన్ పెట్టేసి, నేను పోయి మా ఆయనది ఒత్తకుంట ఉందునా? దేవుని తోడు నవతా, నాకు తెల్వది. ఆ దినం మా ఇంట్ల కరెంటు లేకుండె, నాకు మెయిలే కనబడలే."

అని, చాయ్ కప్పు తీసి నవత చేతిలో పెట్టింది.